బంతికి గీటురాయి

“పువ్వు పుట్టగానే పరిమళిస్తుంది” అని మన పెద్దలు చెప్పిన సామెత ఎంత అందమైనదో అంత ప్రమాదకరమైనది కూడ. ప్రతిభ ఎన్నటికీ దాగదన్న ధైర్యం అందులో ఉన్నది కనుక అది అందమైనది. పుట్టగానే పరిమళించని పువ్వును చూడకుండ దాటిపోవడానికి అది మనకు అనుమతి ఇచ్చుచున్నది కనుక ప్రమాదకరమైనది. ఇన్నేండ్లుగా ఈ సామెతను తరగతి గదిలో నిస్సంకోచంగా చెబుతూ వచ్చిన నేను, 2025 నవంబరు 2వ తేదీ రాత్రి తరువాత, చెప్పబోయి ఒక్క క్షణం ఆగుచున్నాను.

ఆ రాత్రి నవీ ముంబయిలో మన దేశపు మహిళలు దక్షిణాఫ్రికా జట్టును 52 పరుగుల తేడాతో ఓడించి క్రికెట్టు ప్రపంచ కప్పును మొట్టమొదటిసారిగా గెలుచుకొన్నారు. ఆ పదకొండుగురిలో ఒకరు మన కడప జిల్లా బిడ్డ, నల్లపురెడ్డి శ్రీచరణి. ప్రొద్దుటూరికి దక్షిణంగా, పులివెందులకు తూర్పుగా ఉన్న వీరపునాయునిపల్లె మండలంలో ఎర్రమల్లె ఆమె స్వగ్రామం. తండ్రి రాయలసీమ తాప విద్యుత్ కేంద్రంలో ఉద్యోగి. ముద్దనూరు, ఎర్రగుంట్ల మీదుగా రాకపోకలు సాగించే వారందరికీ దూరం నుండియే కనబడే ఆ పొగగొట్టాల నీడలో పెరిగిన ఈ బాలిక, ఆ ప్రపంచ కప్పులో తొమ్మిది పందెములాడి పదునాలుగు వికెట్లు తీసినది.

ఇందులో విశేషమేమనగా, 2004 ఆగస్టు 4న పుట్టిన శ్రీచరణి చిన్నతనంలో ఆడినవి బాడ్మింటన్, ఖోఖో, పరుగు పందెములు. ఇంటివద్ద మేనమామతో సరదాగా బంతి ఆడినదే గాని, క్రికెట్టును పట్టుదలతో అభ్యసించడం మొదలు పెట్టినది దాదాపు పదహారేండ్ల ప్రాయంలో. అట్లయిన ఆ పదహారేండ్లూ ఆ పువ్వు పరిమళం ఎక్కడ ఉన్నది? దానిని మొదట పసిగట్టిన వారికి ఏమి కనబడినది? ఒక పడుచువాని లేక పడుచుపిల్ల చేతిలోని బంతిని చూచి, “ఈ చేయి రేపు దేశానికి పనికివచ్చును” అని చెప్పగల విద్య ఏదైన ఉన్నదా? ఉన్నచో దానిని మన ఉపాధ్యాయులు నేర్చుకొనవచ్చునా?

అట్టి విద్య ఉన్నది. అమెరికాలో అది ఒక వృత్తి. అక్కడి వారికి బేస్‌బాల్ అంటే మనకు క్రికెట్టు వంటిది. మన బౌలరుకు సాటిగా అక్కడ ఉండేవాడు పిచ్చరు. బౌలరు మోచేతిని పదిహేను డిగ్రీలకు మించి చాచితే తప్పు. పిచ్చరుకు ఆ నిర్బంధం లేదు. మోచేయి వంచి, కొరడా ఝుళిపించినట్లు విసరుతాడు. మన పిచ్ పొడవు 66 అడుగులు కాగా, అతడు చిన్న మట్టిదిబ్బపై నిలిచి 60 అడుగుల 6 అంగుళాల దూరంలోని గురికి నేల తాకకుండ బంతి పంపవలెను. గంటకు 90 మైళ్ళ వేగంతో వచ్చే బంతి అరసెకను గడువక ముందే బ్యాటును చేరును. ఇట్లు విసరగల విద్యార్థుల కొరకు కళాశాల మైదానాలన్నీ తిరిగి, చూచినదానిని వ్రాసి తమ జట్లకు పంపే పరీక్షకులను అక్కడ స్కౌట్లు అందురు. 1965 నుండి ఏటేటా జట్లు వంతులవారీగా యువకులను ఎన్నుకొనే డ్రాఫ్టు అనే పద్ధతి నడుచుచున్నది. నాలుగేండ్ల కళాశాలలో మూడవ సంవత్సరం ముగిసినవారు, లేక ఇరువది యొక్క ఏండ్లు నిండినవారు అందుకు అర్హులు.

ఈ స్కౌట్లు మార్కులు వేసే తీరు మన ఉపాధ్యాయ లోకం తెలుసుకొనదగినది. వారి కొలమానం 20తో మొదలై 80తో ముగియును. అగ్రశ్రేణి లీగులో ఆడే సగటు ఆటగాని స్థాయికి 50. వేగానికి, వంపు తిరిగే బంతికి, గురికి వేర్వేరుగా మార్కులు వేయుదురు. అంతకంటె ముఖ్యమైన సంగతి ఒకటున్నది: ఒక్కొక్క గుణానికి రెండేసి అంకెలు వేయుదురు. మొదటిది విద్యార్థి ఈనాటి స్థాయి. రెండవది అతడు రేపు చేరగల స్థాయి. మొదటి గడిలో 35 వచ్చినవాడు రెండవ గడిలో 60 పొందవచ్చును. మనం ఇచ్చే మార్కుల పట్టీలో ఈ రెండవ గడి లేదు. ఉన్నచో దానిని నింపడానికి మనలో ఎందరికి చేయి ఆడును?

ఆ రెండవ గడి ఎట్లు నింపవలెనో ఆలోచించేటప్పుడు నాకు ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళు జ్ఞాపకం వచ్చును. రెండవ బొంబాయి అని పేరు పొందిన ఆ ఊరిలో పనివాని చేతికి నగ ఇస్తే అతడు మొదట గీటురాయి మీద ఒక గీత గీయును. దాని ప్రక్కన మేలిమి తెలిసిన బంగారంతో మరొక గీత గీచి, రెండింటి మీద ఆమ్లపు చుక్క వేసి పోల్చి చూచును. గీత ఒక్కటే చాలదన్న సంగతి అతనికి తెలుసు. నీతిశాస్త్రకారులు బంగారానికి నాలుగు పరీక్షలు చెప్పినారు: గీయడం, కోయడం, కాల్చడం, కొట్టడం. మనుష్యుని పరీక్షకు కూడ వారు ఆ నాలుగింటినే ఉపమానంగా తెచ్చినారు. బంతి వేసే చేతికి కూడ ఆ పరీక్షలు చక్కగా సరిపోవును.

గీటుతో మొదలు పెట్టుదము. బంతి వేగం తెలిపే రాడారు తుపాకి ఈ కాలపు గీటురాయి. చేతిలో పట్టుకొని గురి పెట్టితే అంకె కనబడును. ఈ అంకెను మాత్రమే నమ్ముకొని మన దేశంలో ఒక విచిత్రమైన ప్రయోగం జరిగినది. 2008లో ఒక అమెరికను వ్యాపారి “మిలియన్ డాలర్ ఆర్మ్” అనే పోటీ పెట్టి, బేస్‌బాల్ అంటే ఏమో తెలియని మన యువకుల చేత బంతులు వేయించినాడు. ముప్పది వేలకు పైగా పాల్గొన్నారు. అందులో ముందు నిలిచిన రింకూ సింగ్, దినేశ్ పటేల్ ఇద్దరూ ఉత్తర ప్రదేశ్ పల్లెల నుండి వచ్చిన వారు. ఈటె విసరుటలో ఆరితేరినవారు. అదే సంవత్సరం నవంబరులో పిట్స్‌బర్గ్ పైరేట్స్ జట్టు వారిద్దరితో ఒడంబడిక చేసుకొన్నది. అమెరికా వృత్తి క్రీడా జట్టులో చేరిన మొదటి భారతీయులన్న కీర్తి వారికి దక్కినది. వారి కథ 2014లో చలనచిత్రంగా కూడ వచ్చినది.

అయితే ఆ కథకు చిత్రంలో లేని శేషభాగం ఉన్నది. దినేశ్ రెండేండ్లకే జట్టు విడిచి ఇంటికి వచ్చినాడు. రింకూ చిన్న లీగులలో ఓర్పుతో ఆడి మెరుగుపడినాడు గాని చేతి గాయములు అతనిని ముందుకు పోనీయలేదు. 2018లో అతడు మల్లయుద్ధ ప్రదర్శనలలో చేరినాడు. ఇద్దరిలో ఎవరూ అగ్రశ్రేణి లీగులో ఒక్క బంతి వేయలేదు. దీనిని అపజయమని నేను అనను. చేత ఎన్నడూ పట్టని ఆటను నేర్చి, పరదేశంలో వృత్తిగా ఆడడం సామాన్యమైన పని కాదు. కాని గీత మంచిదైనంత మాత్రాన నగ తయారు కాదని అది మనకు తెలిపినది. చేతి బలం దేవుడిచ్చిన మూలధనం; వ్యాపారం వేరే నేర్చుకొనవలెను.

ఇక కోసి చూచుట. పైపూతను దాటి లోపల ఏమున్నదో తెలుసుకొనే పరీక్ష ఇది. పిచ్చరు లోపల చూడవలసినవి గురి, రెండవ ఆయుధం, మారగల బుద్ధి. ఒక్క వేగమే తెలిసినవానిని బ్యాటరు రెండవసారి ఎదుర్కొనేటప్పటికి చదివివేయును. అదే చేతి ఊపుతో నెమ్మదిగా వచ్చే బంతి కూడ వేయగలవాడు అతనిని మోసగించగలడు. మార్క్ బెర్లీ అనే విద్యార్థి ఇందుకు తార్కాణం. మిస్సోరి రాష్ట్రంలో రెండేండ్ల కళాశాలలో చదివిన అతనిని 1998 డ్రాఫ్టులో 38వ వంతులో, 1,139వ వానిగా, షికాగో వైట్ సాక్స్ ఎన్నుకొన్నది. ఉన్నత పాఠశాల జట్టులో సైతం చోటు దొరకనివాడు, వేగం తక్కువవాడు. అతడు తరువాత అగ్రశ్రేణిలో 214 విజయాలు సాధించినాడు. 2009 జూలై 23న ఇరువది యేడుగురు బ్యాటర్లను వరుసగా, ఒక్కరిని కూడ మొదటి మజిలీ చేరనీయకుండ వెనుకకు పంపినాడు. అతనికి ముందు వేయి మందికి పైగా యువకులను ఎన్నుకొన్న ఘనులందరు రాడారు అంకెను సరిగానే చదివినారు. చదువవలసిన పేజీ అది కాదు.

మన శ్రీచరణి విషయంలో ఈ రెండవ పరీక్ష మరీ స్పష్టంగా కనబడుచున్నది. ఆమె మొదట వేగంగా బంతి వేసేది. తరువాత ఎడమచేతి స్పిన్‌కు మారినది. పదహారేండ్లు నిండి ఆటకు వచ్చిన పిల్ల, వచ్చిన కొద్ది కాలానికే, తాను నేర్చినదానిని విడిచి మరొకటి పట్టుకొన్నది. ఆమె వేగాన్ని మాత్రమే చూచి “చాలదు” అని వ్రాసి ఉండినట్లయితే ఆ వ్రాత సత్యమే అయి ఉండేది, ఆ తీర్పు మాత్రం అన్యాయమై ఉండేది. “మొక్కై వంగనిది మానై వంగునా” అందురు. వంగే గుణమున్న మాను కూడ ఉండును. దానిని వంచి చూచే ఓపిక మనకు ఉండవలెను.

కాల్చి చూచే పరీక్షకు మైదానమే కొలిమి. అనుభవంగల స్కౌటు, తాను చూడవచ్చిన కుర్రవాడు రాణించే రోజుతో తృప్తిపడడు. అతని బంతిని ప్రత్యర్థి దూరంగా బాదిన తరువాత, సహచరుడు సులువైన పట్టు జారవిడిచిన తరువాత, అతని ముఖమును, తరువాతి బంతిని గమనించును. 2025 జూన్ 28న ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో శ్రీచరణి తన మొదటి అంతర్జాతీయ ట్వంటీ ట్వంటీ పందెంలో 12 పరుగులిచ్చి నాలుగు వికెట్లు తీసినది. ఆ పందెముల వరుసలో మొత్తం పది వికెట్లు తీసి ఉత్తమ క్రీడాకారిణి అయినది. ఆ గెలుపులకంటె నాకు విలువైనదిగా తోచినది అక్టోబరు 12న విశాఖపట్టణంలో జరిగిన ఓటమి. ఆనాడు ఆస్ట్రేలియా మన 330 పరుగులను దాటి గెలిచినది. బౌలర్ల పాలిటి పీడకలవంటి ఆ పందెంలో ఈమె పది ఓవర్లలో 41 పరుగులు మాత్రమే ఇచ్చి మూడు వికెట్లు తీసినది. అదే ఆస్ట్రేలియా సెమీఫైనలులో 338 పరుగులు చేసినప్పుడు కూడ ఈమె పది ఓవర్లకు 49 పరుగులిచ్చి రెండు వికెట్లు తీసినది. చుట్టూ మంటలు లేచినప్పుడు రంగు మారని బంగారమన్న మాట ఇటువంటి చోటనే అర్థమగును.

ఇక మిగిలినది సుత్తి దెబ్బ. శరీరం ఎంత పని భరించునో తెలిపే పరీక్ష ఇది. దీనిలో తప్పు చేసేది తరచుగా పెద్దలే. శాన్ డియాగో రాష్ట్ర విశ్వవిద్యాలయపు విద్యార్థి స్టీఫెన్ స్ట్రాస్‌బర్గ్ 2009 డ్రాఫ్టులో మొట్టమొదటి ఎన్నిక. 2010 జూన్‌లో అగ్రశ్రేణి మైదానంలో అడుగు పెట్టిన మొదటి దినముననే పదునలుగురిని స్ట్రైక్‌అవుట్ చేసినాడు. ఆ సంవత్సరం సెప్టెంబరులోనే మోచేతికి శస్త్రచికిత్స జరిగినది. మరల లేచి 2019 ప్రపంచ సిరీస్‌లో ఉత్తమ ఆటగాడయినాడు. వెంటనే 24 కోట్ల 50 లక్షల డాలర్లకు ఏడేండ్ల ఒడంబడిక కుదిరినది. ఆ తరువాత అతడు ఆడగలిగినవి ఎనిమిది పందెములు మాత్రమే. 2024లో ఆట విరమించినాడు. అతనిని పరీక్షించిన వారెవరూ ప్రతిభను తప్పుగా చూడలేదు. భుజానికి, మోచేతికి ఉండే హద్దు మాత్రం వారెవరి చేతిలోనూ లేదు.

ఈ అనుభవముల వలన 2014లో అమెరికా బేస్‌బాల్ పెద్దలు పిల్లలకు బంతుల పరిమితి నిర్ణయించినారు. పదకొండు, పన్నెండేండ్ల వారికి దినానికి 85 బంతులు; పదమూడు మొదలు పదహారు వరకు 95; పదునేడు, పదునెనిమిది ఏండ్ల వారికి 105. వేసిన బంతుల సంఖ్యను బట్టి మరునాటి విశ్రాంతి కూడ నిర్ణయించినారు. మన మైదానాలలో ఈ లెక్క ఎవరు వేయుచున్నారు? మండల స్థాయి పోటీలు వచ్చినవనగా జట్టులో బాగా బంతి వేసే పిల్లవానినే ఉదయం నుండి సాయంత్రం వరకు అరుగదీసి, కప్పు తెచ్చి ప్రధానోపాధ్యాయుని బల్లపై పెట్టి సంతోషించుట మన అలవాటు. ఆ పిల్లవాని భుజం మరుసటి సంవత్సరం ఎట్లున్నదో కప్పు మనకు చెప్పదు.

పరీక్షల తరువాత వచ్చేది ధర. 2024 డిసెంబరులో బెంగుళూరులో జరిగిన మహిళా ప్రీమియర్ లీగు వేలములో శ్రీచరణి కనీస ధర 10 లక్షలు. ఢిల్లీ క్యాపిటల్స్ ఆమెను 55 లక్షలకు తీసుకొన్నది. ప్రపంచ కప్పు గెలిచిన కొద్ది దినములకు, 2025 నవంబరు 27న, మరల వేలము జరిగినప్పుడు అదే జట్టు ఒక కోటి ముప్పది లక్షలిచ్చినది. నిండ ఒక సంవత్సరం కూడ గడువకముందే ధర రెండింతలకు మించినది. ఆ చేయి అంతకు ముందు కూడ ఆ చేయే. విపణికి కనబడినది మారినది. కనుక విద్యార్థులారా, ధరను విలువగా పొరబడవలదు; ధర పలుకని దినములలో విలువ లేదని కూడ తలంచవలదు.

నిజానికి శ్రీచరణిని మొదట పరీక్షించినవారు వేలము పాడినవారు కారు. ఇంటి ముంగిట ఆమెతో బంతి ఆడిన మేనమామ, ఆట ఆడుతానన్న కూతురును కాదనని తల్లి, మొదట సంశయించినను సంవత్సరం గడిచేటప్పటికి మనసు మార్చుకొన్న తండ్రి: వీరే ఆమె తొలి స్కౌట్లు. తండ్రి సంశయాన్ని తప్పు పట్టడానికి నాకు నోరు రాదు. ఆడపిల్లను ఆటకొరకు ఊరు దాటించుట మన పల్లెలలో ఈనాటికీ సులభమైన నిర్ణయం కాదు. బస్సు వేళలు, ఖర్చులు, నలుగురి మాటలు, గాయమైతే చదువు కూడ పోవునన్న భయం, ఇవన్నీ కలిసి తండ్రి నోట “వద్దు” అనిపించును. అట్టి సమయంలో ఆ ఇంటికి వెళ్ళి, “అయ్యా, మీ అమ్మాయిలో నేను ఇది చూచినాను” అని చెప్పగల మనిషి ఒకడు కావలెను. పల్లెలో ఆ మాటకు బరువుండేది ఉపాధ్యాయునికే. “పెరటి చెట్టు మందుకు రాదు” అన్న సామెత మన అజ్ఞానాన్ని ఎగతాళి చేయడానికి పుట్టినదే గాని అనుసరించడానికి పుట్టినది కాదు.

నా మాట నేను చెప్పుకొనక తప్పదు. చాలా ఏండ్ల క్రిందట మా కళాశాల క్రీడోత్సవంలో క్రికెట్టు బంతిని దూరంగా విసరే పోటీ పెట్టినారు. జమ్మలమడుగు ఆవలి పల్లె నుండి వచ్చే ఒక విద్యార్థిని, చెప్పులు విడిచి, ఓణీ నడుముకు బిగించి, విసరిన బంతి మైదానపు హద్దులోని వేపచెట్లను దాటి రోడ్డుమీద పడినది. టేపు అంత దూరం రాలేదు. అందరం నవ్వి చప్పట్లు కొట్టినాము. బహుమతిగా ఒక ప్లాస్టికు డబ్బా ఇచ్చినాము. ఆ తరువాత ఉపాధ్యాయులందరం టీ త్రాగడానికి పోయినాము. ఆమె నా తెలుగు తరగతిలో మూడవ వరుసలో కూర్చునేది. ఛందస్సులో తప్పులు చేసినప్పుడు మందలించడం నాకు జ్ఞాపకమున్నది గాని, “అమ్మా, ఆ విసరు ఎక్కడ నేర్చినావు?” అని అడిగినట్లు జ్ఞాపకం లేదు. మరుసటి సంవత్సరం ఆమె కళాశాలకు రాలేదు. పెండ్లి అయినదని తోటివారు చెప్పినారు. ఆమె పెద్ద క్రీడాకారిణి అయ్యేదో కాదో ఎవరు చెప్పగలరు? ఆమెకు ఆ రెండవ గడిలో మేమెవరం ఏ అంకె వేయలేదన్నది మాత్రం నిశ్చయం.

అందువలన ఉపాధ్యాయ మిత్రులకు నా మనవి చిన్నది. రాడారు తుపాకి మన పాఠశాలలకు రాకపోవచ్చును. ఒక నోటు పుస్తకం ఉన్నది. ఆటల గంటలో ఎవరు ఎంత దూరం విసరినారో, ఎంత తిన్నగా విసరినారో వ్రాయండి. ఆరు నెలలకు మరల చూచి ప్రక్కనే రెండవ అంకె వేయండి. ఓడిన దినమున ఎవరు మరల బంతి అడిగినారో గుర్తుంచుకొనండి. ఖోఖోలో, బాడ్మింటన్‌లో, ఈటె విసరుటలో ఉన్న చేతులను, కాళ్ళను ఆ ఆటకే కట్టివేసి చూడకండి. పిల్లవాడు అలసినచో బంతి తీసుకొని ఇంటికి పంపండి. అవసరమైనప్పుడు సాయంత్రం ఒకసారి వాని ఇంటివైపు నడవండి.

ఈ సంవత్సరం మా కళాశాల క్రీడోత్సవంలో నాకు అలవాటుగా అప్పగించే వ్యాఖ్యాన బాధ్యత వద్దని చెప్పి, టేపు పట్టుకొనే పని అడిగి తీసుకొన్నాను. నూరు మీటర్ల టేపు కొనిపించినాను.